మాక్రో లెన్సు లేకుండా అతి దగ్గరి ఫొటోలు: ఉన్న లెన్సులతో ఎంతవరకు వెళ్ళగలం?

#1 · చిగురాకు · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నా దగ్గర పాత కానన్ డీఎస్ఎల్ఆర్, దానితోపాటు వచ్చిన 18-55 లెన్సు, ఒక 50 ఎంఎం ఎఫ్/1.8, ఒక 55-250 జూమ్ ఉన్నాయి. నెల రోజులుగా నా మనసంతా ఆకుల మీదే ఉంది. మంచు బిందువులు, చీమలు, ఆకు వెనక పురుగులు పెట్టే గుడ్లు, వీటిని తీయాలి. దగ్గరికి జరుగుతూ పోతే ఒకచోట ఫోకస్ ఆగిపోతుంది. అక్కడినుంచి అంగుళం ముందుకు వెళ్ళినా అంతా మసకే. వెనక్కి తగ్గి తీస్తే చీమ చుక్కంత వస్తుంది. దాన్ని కంప్యూటర్లో కత్తిరించి పెద్దది చేస్తే కాళ్ళూ మీసాలూ అలికేసినట్టు కనిపిస్తున్నాయి.

మాక్రో లెన్సు కొనే స్తోమత ఇప్పట్లో లేదు. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, రివర్స్ రింగు, క్లోజప్ ఫిల్టర్లు అని మూడు పేర్లు వింటున్నాను. ఒకరు మంచిదన్నదాన్నే మరొకరు దండగ అంటున్నారు. నా లెన్సులకు వీటిలో ఏది సరిపోతుంది? కెమెరాకు హాని ఏమైనా ఉంటుందా?

#2 · తూనీగ రెక్క · సోమవారం, రాత్రి 9:40

రివర్స్ రింగు తీసుకోండి. లెన్సును తిరగేసి కెమెరాకు బిగించే చిన్న లోహపు రింగు అది. ఇంతకంటే తక్కువ ఖర్చులో ఇంత పెద్ద బొమ్మ ఇచ్చేది మరొకటి లేదు. నేను తీసిన సాలీడు కళ్ళన్నీ దానితో తీసినవే.

#3 · పాత కటకం · సోమవారం, రాత్రి 10:25

చిగురాకు గారూ, ఏదైనా కొనే ముందు ఒక పని చేయండి. స్కూలు పిల్లల స్కేలు బల్లమీద పెట్టి, 18-55 లెన్సును 55 దగ్గర ఉంచి, ఫోకస్ అందే చివరి హద్దు వరకు దగ్గరికి వెళ్ళి ఒక ఫొటో తీయండి. అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో లెక్కపెట్టండి. మీ కెమెరా సెన్సరు (లోపల బొమ్మ పడే పలక) వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. స్కేలు మీద 66 మిల్లీమీటర్లు పడితే బొమ్మ అసలు పరిమాణంలో మూడో వంతు అన్నమాట. 22 మిల్లీమీటర్లే పడితే అసలు పరిమాణం, అంటే ఒకటికి ఒకటి. అసలైన మాక్రో లెన్సు అని సాధారణంగా పిలిచేది ఇంతవరకు వెళ్ళగలిగిన దాన్నే.

ఈ పరీక్ష చేసిన చాలామంది ఆశ్చర్యపోతారు. 50 ఎంఎం లెన్సు గొప్పదని అనుకుంటాం, కానీ దగ్గరి ఫొటోల విషయంలో మామూలు 18-55 దాన్ని మించిపోతుంది. సీతాకోకచిలుకకు, పెద్ద పువ్వుకు మూడో వంతు చాలు. చీమకు చాలదు.

ఇక హద్దు ఎందుకు వస్తుందో చెబుతాను. ఇది అర్థమైతే ఏ పరికరం ఏ లెన్సుకో మీకే తెలిసిపోతుంది. వస్తువు దగ్గరికి వచ్చేకొద్దీ దాని ప్రతిబింబం లెన్సు వెనక మరింత దూరంగా ఏర్పడుతుంది. ఆ ప్రతిబింబం సెన్సరు మీద పడాలంటే లెన్సు ముందుకు జరగాలి. ఫోకస్ రింగు తిప్పినప్పుడు జరిగేది అదే. రింగు తిరగడం ఆగిపోయిన చోట మీ హద్దు ఉంటుంది.

ట్యూబు చేసే పని ఆ జరగడాన్ని కొనసాగించడం. అందులో గాజు ఉండదు, ఖాళీ గొట్టం. క్లోజప్ ఫిల్టరు చేసే పని వేరు. అది చదువుకునే కళ్ళద్దం లాంటిది, దగ్గరి వస్తువును లెన్సుకు దూరంగా ఉన్నట్టు చూపిస్తుంది. లెన్సును తిరగేయడం మూడో దారి.

#4 · పాత కటకం · సోమవారం, రాత్రి 10:41

పై దానికి కొనసాగింపుగా లెక్క రాస్తున్నాను. కాగితం మీద ఒకసారి వేసుకుంటే సగం వాదాలు ఆగిపోతాయి.

ట్యూబుతో పెరిగే పరిమాణం = ట్యూబు పొడవు ÷ లెన్సు ఫోకల్ లెంగ్త్ (లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే అంకె). 25 ఎంఎం ట్యూబును 50 ఎంఎం లెన్సుకు పెడితే సగం పరిమాణం కలుస్తుంది. అదే ట్యూబును 250 దగ్గర జూముకు పెడితే కలిసేది పదో వంతే.

ఫిల్టరుతో లెక్క తిరగబడుతుంది. ఫిల్టరు బలాన్ని డయాప్టర్లలో చెబుతారు. పెరిగే పరిమాణం = ఫోకల్ లెంగ్త్ × డయాప్టర్ ÷ 1000. +4 ఫిల్టరును 50 ఎంఎం లెన్సుకు పెడితే ఐదో వంతు. 250కి పెడితే పూర్తిగా ఒకటికి ఒకటి.

కాబట్టి పొట్టి లెన్సుకు ట్యూబు, పొడుగు లెన్సుకు ఫిల్టరు. ఒకరు దండగ అన్నదాన్ని మరొకరు మెచ్చుకోవడానికి కారణం ఇదే. ఇద్దరి దగ్గరా ఉన్న లెన్సులు వేరు.

#5 · నీలి అంచు · మంగళవారం, ఉదయం 6:55

ఫిల్టర్ల విషయంలో నా అనుభవం మంచిది కాదు. +1, +2, +4, +10 అని నాలుగు కలిపి అమ్మే సెట్టు కొన్నాను. నాలుగూ ఒకదానిమీద ఒకటి బిగించి తీస్తే మధ్యలో మాత్రమే ఏదో కనిపించింది. అంచులన్నీ కరిగిపోయాయి, తెల్లటి పూరేకు చుట్టూ ఊదా గీత, పక్కనే పచ్చ గీత. రెండు వారాలు కష్టపడి పక్కన పెట్టేశాను. కొత్తవాళ్ళు ఆ సెట్టు వైపు వెళ్ళకండి.

#6 · పాత కటకం · మంగళవారం, ఉదయం 8:10

నీలి అంచు గారూ, మీరు చూసింది నిజమే. ఆ సెట్టులో ఒక్కో ఫిల్టరూ ఒకే గాజు. ఒంటి గాజు అన్ని రంగులనూ ఒకే చోటికి చేర్చలేదు, అందుకే ఆ రంగు గీతలు. నాలుగూ కలిపితే నాలుగింటి లోపాలూ కలుస్తాయి. +10 ఒక్కదానితోనే అంచులు మెత్తబడతాయి.

అయితే ఫిల్టర్లన్నీ అంతేనని తీర్పు ఇవ్వకండి. రెండు రకాల గాజులను జత చేసి, రంగులు చీలిపోకుండా చేసినవి ఉన్నాయి, అక్రోమాట్ అంటారు. రేనాక్స్ డీసీఆర్-250 అలాంటిదే, బలం +8. డీసీఆర్-150 బలం +4.8. లెన్సు ముందు అంచుకు క్లిప్పుతో పట్టుకుంటాయి, 52 నుంచి 67 ఎంఎం ఫిల్టరు కొలత ఉన్న ఏ లెన్సుకైనా సరిపోతాయి. కానన్ 500డీ కూడా ఇదే జాతి, బలం +2. ఒంటి గాజు వాటికంటే ఖర్చెక్కువే, మాక్రో లెన్సుతో పోలిస్తే చాలా తక్కువ.

ఒంటి గాజు సెట్టు ఇప్పటికే ఉన్నవాళ్ళు +2 గానీ +4 గానీ ఒక్కటే వాడండి. పొడుగు జూముకు పెట్టి, ఎపర్చరు (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/11 వరకు మూసి, పురుగును మధ్యలో ఉంచండి. రెండు కలపక తప్పకపోతే బలమైనది లెన్సుకు దగ్గరగా ఉండాలి.

#7 · నీలి అంచు · మంగళవారం, ఉదయం 8:32

నేను 18-55కు పెట్టాను. పొడుగు జూముతో ప్రయత్నించలేదు. ఈ ఆదివారం చూస్తాను.

#8 · వేకువ వెలుగు · మంగళవారం, మధ్యాహ్నం 1:15

జూము మీద అక్రోమాట్ పెట్టుకున్నప్పుడు ఒక సుఖం ఉంది, దాన్ని ఎవరూ చెప్పడం లేదు. లెన్సును అనంతం దగ్గర, అంటే చాలా దూరానికి, ఫోకస్ చేసి ఉంచితే, పురుగుకూ ఫిల్టరుకూ మధ్య దూరం ఎప్పుడూ 1000 ÷ డయాప్టర్ మిల్లీమీటర్లే. +8 అయితే 125 మిల్లీమీటర్లు, +4.8 అయితే సుమారు 208. జూము 100 దగ్గర ఉన్నా 250 దగ్గర ఉన్నా ఆ దూరం మారదు, బొమ్మ పరిమాణం మాత్రమే మారుతుంది. ఉన్నచోటే ఉండి, ముందు మొత్తం పురుగును తీసి, తరవాత జూమ్ చేసి దాని తలను తీయవచ్చు. 250 దగ్గర +8 పెడితే అసలు పరిమాణానికి రెండింతలు వస్తుంది.

పైగా జానెడు దూరం దొరుకుతుంది. బెదిరి ఎగిరిపోయే వాటితో ఆ దూరానికి ఎంత విలువ ఉందో, చేతికి అందిన తూనీగను పోగొట్టుకున్నవాళ్ళకు తెలుస్తుంది.

#9 · తూనీగ రెక్క · మంగళవారం, రాత్రి 9:03

అందరూ ఫిల్టర్ల వైపు వెళ్ళిపోయారు. నా రింగు గురించి కొంచెం వివరంగా చెబుతాను.

మామూలు లెన్సు తయారైంది దూరంగా ఉన్న పెద్ద దృశ్యాన్ని దగ్గరగా ఉన్న చిన్న సెన్సరు మీద పడేయడానికి. మనం అడుగుతున్నది దానికి సరిగ్గా తలకిందులు. చిన్న వస్తువు దగ్గరగా ఉంది, దాన్ని సెన్సరు మీద పెద్దగా పరవాలి. అందుకే తిరగేస్తే లెన్సు తాను బాగా చేయగలిగిన పనే చేస్తుంది. అసలు పరిమాణాన్ని దాటిన తరవాత తిరగేసిన లెన్సు ఇచ్చే వివరం చూసి నేను ఇప్పటికీ మురిసిపోతాను.

ఇక్కడ లెక్క వేరు. ఫోకల్ లెంగ్త్ తగ్గేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది. 50 ఎంఎం తిరగేస్తే అసలు పరిమాణానికి కాస్త తక్కువ. 28 అయితే రెండింతలు దాటుతుంది. 18-55ను 18 దగ్గర తిరగేస్తే మూడింతలు మించి వస్తుంది, కానీ మొదటి రోజే అక్కడికి వెళ్ళకండి. 55 దగ్గర మొదలుపెట్టండి. ఫోకస్ రింగు దాదాపు పనిచేయదు. కెమెరాను ముందుకూ వెనక్కూ కదుపుతూ స్పష్టంగా కనిపించిన క్షణంలో నొక్కాలి. పురుగుకూ లెన్సుకూ మధ్య సుమారు నాలుగైదు సెంటీమీటర్లే ఉంటాయి.

రింగు కొనేటప్పుడు లెన్సు ముందు అంచు మీద, అడ్డగీత కొట్టిన సున్నా గుర్తు పక్కన ఉన్న అంకె చూడండి. ఆ కొలతకే తీసుకోవాలి.

#10 · మెత్తని నేల · మంగళవారం, రాత్రి 9:50

తూనీగ రెక్క గారి ఫొటోలంటే నాకు ఎంతో గౌరవం. అయినా కొత్తగా మొదలుపెట్టేవారికి రింగును ముందుగా చెప్పడం నాకు నచ్చదు. తిరగేసినప్పుడు లెన్సు వెనక గాజు, కెమెరాతో కలిపే విద్యుత్ స్పర్శలు (కాంటాక్టులు) బయటికి వచ్చేస్తాయి. ఒక తడి కొమ్మ తగిలి నా లెన్సు వెనక గాజు మీద గీత పడింది. ఆ గీత ఈనాటికీ ఉంది. పైగా కెమెరాతో సంబంధం తెగిపోతుంది కాబట్టి ఎపర్చరు మన మాట వినదు, పూర్తిగా తెరుచుకునే ఉంటుంది.

మీ దగ్గర ఎపర్చరు రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్సు ఏదైనా ఉంటే దాన్ని తిరగేయండి. ఎపర్చరు చేతితో తిప్పుకోవచ్చు, గీత పడినా గుండె తరుక్కుపోదు.

#11 · పాత కటకం · మంగళవారం, రాత్రి 10:18

పాత లెన్సుల మాట వచ్చింది కాబట్టి ఊరుకోలేను. ఫిల్ము రోజుల్లో చీకటి గదిలో ఫొటోలు పెద్దవి చేసి ముద్రించేందుకు ఎన్‌లార్జర్ లెన్సులు వాడేవారు. చదునైన నెగెటివును మూలమూలకూ స్పష్టంగా, దగ్గరి దూరంలో చూపించడమే వాటి పని. వాటిలో చాలావాటికి 39 ఎంఎం మర ఉంటుంది, ఎపర్చరు రింగూ ఉంటుంది. ఎల్-నిక్కార్ 50 ఎంఎం ఎఫ్/2.8 లాంటివి ఇప్పుడు చాలామంది ఇళ్ళలో పెట్టెల అడుగున పడి ఉన్నాయి. అలాంటిదాన్ని మర మార్చే రింగుతో ట్యూబులకు బిగిస్తే నాణేలు, తపాలా బిళ్ళలు, విత్తనాల ఫొటోలు ఎంత శుభ్రంగా వస్తాయో చెప్పలేను.

ఇంకొక మాట. పాడైన పాత బైనాక్యులర్ ఉంటే పారేయకండి. దాని ముందు ఉండే పెద్ద గాజు రెండు గాజులు అతికించిన అక్రోమాట్. విప్పి, నల్ల అట్టతో చిన్న గొట్టం చేసి పొడుగు జూము ముందు నిలబెట్టండి. నా మొదటి క్లోజప్ లెన్సు అదే.

#12 · నీటిబొట్టు · బుధవారం, ఉదయం 7:20

నాకు కెమెరా లేదు, ఫోను మాత్రమే ఉంది. ఇక్కడ అడగవచ్చా?

#13 · వేకువ వెలుగు · బుధవారం, ఉదయం 7:48

తప్పకుండా అడగవచ్చు. ముందు మీ ఫోనులో మాక్రో మోడు ఉందేమో చూడండి. కొన్ని ఫోన్లలో దగ్గరికి వెళ్ళగానే వెడల్పు కెమెరాకు తనంతట తానే మారిపోతుంది. లేకపోతే క్లిప్పుతో తగిలించే చిన్న లెన్సులు దొరుకుతాయి, లెన్సు సరిగ్గా ప్రధాన కెమెరా నడిమధ్యన కూర్చోవాలి. రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా ఒక మూల చీకటి పడుతుంది.

ఏమీ కొనకుండా చేసేది ఒకటి ఉంది, మీ పేరులోనే ఉంది. ఫోనును వెల్లకిలా తిప్పి, అగ్గిపుల్ల కొసతో ఒకే ఒక్క నీటిచుక్క కెమెరా గాజు మీద పెట్టి, మెల్లగా బోర్లించండి. చుక్క వేలాడుతుంది, జారదు. ఆ గుండ్రటి చుక్కే మీ లెన్సు. చుక్క చిన్నదయ్యేకొద్దీ వంపు ఎక్కువై బొమ్మ పెద్దదవుతుంది. ఫోను నీటిని తట్టుకునే రకమైతేనే చేయండి, చార్జింగు రంధ్రం దరిదాపుల్లోకి తడి వెళ్ళనివ్వకండి. ఫోనును రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టి, కింద ఆకును ఎత్తుతూ దించుతూ ఫోకస్ వెతకండి. చేత్తో పట్టుకుంటే చుక్క వణుకుతుంది, బొమ్మ అంతకంటే ఎక్కువ వణుకుతుంది.

#14 · నీటిబొట్టు · బుధవారం, సాయంత్రం 5:30

చేశాను. చొక్కా గుడ్డ నేత, పడుగూ పేకా విడివిడిగా కనిపించాయి. ఒక్కో దారంలో ఉన్న పురి కూడా కనిపించింది. అమ్మను పిలిచి చూపించాను. అంచులు మసకగా ఉన్నాయి కానీ మధ్యలో ఉన్నది చాలు. ధన్యవాదాలండీ.

#15 · చిగురాకు · శనివారం, రాత్రి 8:44

అందరికీ కృతజ్ఞతలు. స్కేలు పరీక్ష చేశాను, 18-55 తో 65 మిల్లీమీటర్లు పట్టింది, పాత కటకం గారు చెప్పినట్టే. 50 ఎంఎం తో అంతకంటే చాలా ఎక్కువ పట్టింది.

విద్యుత్ స్పర్శలు లేని ట్యూబుల సెట్టు తెచ్చుకున్నాను, అదే అందుబాటులో ఉంది. 50 ఎంఎం కు బిగించి ఉదయం నాలుగు గంటలసేపు చీమల వెంట తిరిగాను. రెండు వందల ఫొటోలు తీస్తే ఒక్కటి కూడా నిలబడలేదు. ఒక దానిలో మీసం కొస మాత్రమే స్పష్టంగా ఉంది. మరొక దానిలో చీమ నీడ బాగుంది, చీమ లేదు. ఎపర్చరు ఎంత పెట్టినా తెర మీద సున్నా సున్నా అని చూపిస్తోంది. అలాగే 18-55ను 18 దగ్గర పెట్టి ట్యూబుతో చూశాను, లెన్సు ఆకుకు తగిలినా ఫోకస్ రాలేదు. నేనేదో తప్పు చేస్తున్నాను.

#16 · మెత్తని నేల · శనివారం, రాత్రి 9:05

మీ తప్పు కాదు. స్పర్శలు లేవు కాబట్టి లెన్సు ఎఫ్/1.8 దగ్గరే పూర్తిగా తెరిచి ఉంది. ఒకటికి ఒకటి పరిమాణంలో ఎఫ్/1.8 వద్ద స్పష్టంగా ఉండే మందం మిల్లీమీటరులో సుమారు ఏడో వంతు. చీమ తల కూడా అందులో పట్టదు. ఎఫ్/8 కి మూస్తే ఆ మందం 0.6 మిల్లీమీటర్లు దాటుతుంది. అప్పటికీ మిల్లీమీటరు లేదు, కానీ తలా కళ్ళూ పడతాయి.

మీ కానన్‌లో దీనికి దారి ఉంది. ట్యూబు తీసేసి లెన్సును నేరుగా కెమెరాకు పెట్టండి. ఎపర్చరు మోడులో ఎఫ్/8 ఎంచుకోండి. లెన్సు పక్కన డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బొత్తాం ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకునే లెన్సును తిప్పి బయటికి తీయండి. ఎపర్చరు రెక్కలు మూసుకున్న స్థితిలోనే ఉండిపోతాయి. ముందునుంచి చూస్తే చిన్న రంధ్రం కనిపించాలి. అప్పుడు ట్యూబుతో కలిపి బిగించి, కెమెరాను మాన్యువల్ మోడులో పెట్టుకోండి. తయారీదారు సిఫార్సు చేసే పద్ధతి కాదు, నెమ్మదిగా చేయండి. చాలా ఏళ్ళుగా చేస్తున్నాను, నా లెన్సుకు ఏమీ కాలేదు. తూనీగ రెక్క గారి రివర్స్ రింగుకు కూడా ఇదే ఉపాయం.

18 దగ్గర ఫోకస్ రాకపోవడానికి కారణం, ట్యూబు పెట్టేసరికి ఫోకస్ పడే చోటు లెన్సు గాజుల లోపలికి వెళ్ళిపోయింది. అంత వెడల్పు లెన్సుకు ట్యూబు పనికిరాదు.

#17 · పాత కటకం · శనివారం, రాత్రి 9:33

ఒక జాగ్రత్త కూడా చేరుస్తాను. ఎక్కువ మూస్తే ఎక్కువ స్పష్టం అనుకుని ఎఫ్/22 కి వెళ్ళకండి. ట్యూబు పెట్టినప్పుడు కాంతి ఎక్కువ దూరం పరుచుకుంటుంది. ఒకటికి ఒకటి వద్ద ఎఫ్/8 అంటే సెన్సరు దృష్టిలో ఎఫ్/16 తో సమానం. కాంతి నాలుగో వంతుకు తగ్గుతుంది. ఎఫ్/16 పెడితే ఎఫ్/32 అవుతుంది, అప్పుడు కాంతి రంధ్రం అంచున వంగి చెదిరి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఉండండి.

ట్యూబు లోపల మెరుస్తూ ఉంటే నల్ల మఖమల్ గుడ్డగానీ మెరుపులేని నల్ల కాగితంగానీ అంటించండి. కొన్నిటిలో ఆ మెరుపు వల్లే బొమ్మ మధ్యలో తెల్లటి మచ్చలాగా తేలిపోతుంది.

#18 · వేకువ వెలుగు · శనివారం, రాత్రి 10:50

ఇక నేను ఇంతసేపూ ఆగిన మాట చెప్పాలి. ఈ చర్చలో అందరం బొమ్మను పెద్దది చేయడం గురించే మాట్లాడుకున్నాం. కానీ చిగురాకు గారి రెండు వందల ఫొటోలు కాపాడేది వెలుగు. ఎపర్చరు మూశాం, ట్యూబు కొంత కాంతి తినేసింది, బొమ్మ పెద్దదైంది కాబట్టి చేతి వణుకూ అంతే పెద్దదైంది. నీడలో ఎఫ్/8 దగ్గర చేత్తో పట్టుకుని తీయడం దాదాపు అసాధ్యం.

మీ కెమెరాపైన లేచే చిన్న ఫ్లాష్ చాలు. షట్టరు 1/160 లేదా 1/200 సెకను, ఐఎస్ఓ (కాంతికి సెన్సరు స్పందించే స్థాయి) 100 లేదా 200, ఎఫ్/8 లేదా 11 పెట్టుకుంటే నీడలో ఉన్న వెలుగు ఫొటోకు దాదాపు చేరదు. ఫొటోను తీసేది ఫ్లాష్ ఒక్కటే. దాని మెరుపు షట్టరు తెరిచి ఉండే కాలంకంటే ఎన్నో రెట్లు చిన్నది, అందుకే కదులుతున్న చీమ కూడా నిలిచిపోతుంది. ట్రైపాడ్ అక్కర్లేదు.

అయితే ఫ్లాష్‌ను అలాగే వదిలితే చీమ వీపు మీద తెల్లటి చుక్క, లెన్సు నీడ కింద చీకటి. అక్కడే డిఫ్యూజర్ కావాలి. పలుచని తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూత, వంట కాగితం, తెల్లటి నురుగు షీటు, ఏదైనా సరే. దాన్ని ఫ్లాష్ మీదినుంచి లెన్సు చివర దాటి ముందుకు వంగేలా గొడుగులా అమర్చండి. కాంతి మెత్తగా ఉండాలంటే పురుగు వైపునుంచి చూసినప్పుడు ఆ తెల్లటి పరదా పెద్దగా కనిపించాలి. ఫ్లాష్ దగ్గర అంటించిన చిన్న కాగితం ముక్క వల్ల ఏమీ ఒరగదు. పెద్దదిగా, పురుగుకు వీలైనంత దగ్గరగా, అదొక్కటే సూత్రం. నేను పదిహేను రకాలు చేసి ఉంటాను, చివరికి ఒక అట్టపెట్టె, ఒక తెల్ల కాగితం దగ్గర స్థిరపడ్డాను.

వెనక భాగం నల్లగా వస్తుంటే ఆకు వెనక ఒక వేలెడు దూరంలో మరో ఆకునో పచ్చటి అట్టనో పెట్టండి, ఫ్లాష్ దాన్నీ అందుకుంటుంది.

చేతి ఉపాయం ఒకటి. ఎడమ చేత్తో కొమ్మను మెల్లగా పట్టుకోండి, లెన్సును అదే చేతి మణికట్టు మీద ఆనించండి. గాలి వీచినా ఆకూ లెన్సూ కలిసి కదులుతాయి. ఫోకస్ రింగు ముట్టుకోకుండా శరీరాన్నే రవ్వంత ముందుకు వంచుతూ, కన్ను స్పష్టమైన క్షణంలో నొక్కండి.

#19 · కొత్త చూపు · ఆదివారం, ఉదయం 10:15

పురుగులు కదలకుండా ఉండాలంటే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సులువని ఎక్కడో చదివాను. ఎవరైనా చేశారా?

#20 · మెత్తని నేల · ఆదివారం, ఉదయం 10:40

దయచేసి అలా చేయకండి. అవి చల్లటి శరీరంతో పడి ఉంటే కాళ్ళు ముడుచుకుని ఉంటాయి, కొన్ని తిరిగి లేవవు. ఫొటోలో కూడా ఆ నిర్జీవం తెలిసిపోతుంది. అదే చల్లదనం ప్రకృతి రోజూ ఉచితంగా ఇస్తుంది. సూర్యోదయానికి ముందు వెళ్ళండి. వాటి ఒంటి వేడి గాలి వేడిని బట్టి మారుతుంది కాబట్టి, ఎండ తగిలే వరకు తూనీగలూ సీతాకోకచిలుకలూ కొమ్మ పట్టుకుని అలాగే ఉంటాయి. ఒంటి నిండా మంచు ముత్యాలు కూడా ఉంటాయి. వాటి చోటులో, వాటి సమయంలో తీసిన ఫొటోయే ఫొటో.

#21 · కొత్త చూపు · ఆదివారం, ఉదయం 10:52

అర్థమైంది. ఇక ఆ ఆలోచన చేయను. రేపు అయిదింటికి లేస్తాను.

#22 · నీలి అంచు · ఆదివారం, రాత్రి 7:30

మాట ప్రకారం పాత +4 ఫిల్టరు ఒక్కటే 200 దగ్గర జూముకు పెట్టి, ఎఫ్/11 లో తీశాను. నేను మంగళవారం రాసిన తీర్పును సగం వెనక్కి తీసుకుంటున్నాను. తెల్లటి పువ్వు అంచున ఊదా గీత ఇంకా సన్నగా ఉంది. కానీ పురుగు, ఆకు, విత్తనం బాగా వచ్చాయి.

విత్తనం పూర్తిగా స్పష్టంగా రావాలంటే ఎలా? ముందు భాగం ఉంటే వెనక భాగం పోతోంది.

#23 · పాత కటకం · ఆదివారం, రాత్రి 8:20

కదలని వస్తువు కాబట్టి ఫోకస్ స్టాకింగ్ చేయండి. విత్తనాన్ని బల్లమీద, కెమెరాను ట్రైపాడ్ మీద ఉంచి, ముందు అంచునుంచి వెనక అంచు వరకు ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరసగా తీయండి. స్పష్టంగా ఉండే మందం 0.6 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక్కో అడుగు 0.4 మించకూడదు, పక్కపక్క ఫొటోలు ఒకదానిమీద ఒకటి కొంచెం పడాలి. 8 మిల్లీమీటర్ల లోతున్న విత్తనానికి ఇరవై ఫొటోలు. వాటిలో స్పష్టమైన భాగాలను కలిపే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఫొటోలను అతికించే హ్యూజిన్ ప్రోగ్రాముతోపాటు వచ్చే ఎన్‌ఫ్యూజ్ ఒకటి, పికోలే మరొకటి. పికోలే నేర్చుకోవడం తేలిక.

#24 · చిగురాకు · బుధవారం, ఉదయం 8:05

ఇప్పుడే తిరిగి వచ్చాను, తడి కాళ్ళతోనే రాస్తున్నాను. ఎఫ్/8 ఉపాయం పనిచేసింది. అట్టపెట్టె డిఫ్యూజర్ చేసుకున్నాను, మణికట్టు మీద లెన్సు ఆనించాను. నలభై తీస్తే ఏడు నిలబడ్డాయి. మూడు పెడుతున్నాను.

మొదటిది చీమ, రెండు మీసాలతో నీటిచుక్కను తడుముతోంది. రెండోది గడ్డిపోచ కొసన ఉన్న మంచు బిందువు. దాని లోపల వెనక ఉన్న పసుపు పువ్వు తలకిందులుగా, రేకులతో సహా కనిపిస్తోంది. తీసేటప్పుడు నాకు కనిపించలేదు, కంప్యూటర్లో చూసి ఒళ్ళు జలదరించింది. ఫోకస్ బిందువు అంచున పెడితే పువ్వు మసకగా ఉంది, బిందువు లోపలి పువ్వు మీద పెట్టిన తరవాతే ఇది వచ్చింది.

మూడోది ఏమిటో తెలియలేదు. ఆకు అడుగున వెంట్రుకల్లాంటి సన్నటి కాడలు, ఒక్కో కాడ చివర చిన్న తెల్లటి గింజ. బూజేమో అనుకున్నాను. తొమ్మిది ఉన్నాయి.

#25 · తూనీగ రెక్క · బుధవారం, ఉదయం 8:31

చిగురాకు గారూ, అది బూజు కాదు. మీరు మొదటి రోజు అడిగిన గుడ్లు అవే. అల్లిక రెక్కల పురుగు (లేస్‌వింగ్) గుడ్లను ఇలా సన్నటి కాడల చివర పెడుతుంది. దీని పిల్లలు పేనుబంకను తిని మొక్కలను కాపాడతాయి. ఆ ఆకును తెంపకండి. కొమ్మకు ఒక దారం గుర్తుగా కట్టి రండి. సాధారణంగా కొద్ది రోజుల్లోనే పొదుగుతాయి. పొదిగే ముందు గుడ్డు రంగు ముదురుతుంది, పొదిగాక పిల్ల తన ఖాళీ పెంకు మీద కాసేపు కూర్చుంటుంది. ఈ పరిమాణానికి మీ ట్యూబులు మొత్తం బిగించండి, లేదా ఇప్పుడైనా రివర్స్ రింగు తెచ్చుకోండి.

#26 · చిగురాకు · బుధవారం, ఉదయం 8:40

దారం తీసుకుని ఇప్పుడే మళ్ళీ వెళ్తున్నాను.

#27 · చిగురాకు · శనివారం, ఉదయం 7:10

ఆరు పొదిగాయి. ఒకటి ఇంకా పెంకు మీదే ఉంది. ఫొటో కింద పెట్టాను. ఎఫ్/8, 1/160, ఐఎస్ఓ 200, ట్యూబులు మూడూ, 50 ఎంఎం.